పెట్టె బాగుంది, కంప్యూటర్ ఒప్పుకోదు

చీరాల పక్కన ఈపురుపాలెం మగ్గాల ఊరు. పండగలకీ లోటు లేదు. వినాయక చవితి పందిళ్ళు, దసరా, శ్రీరామనవమి, అమ్మవారి కొలుపులు, శివరాత్రికి కోటప్పకొండ ప్రభలు, చుట్టుపక్కల ఊళ్ళలో పరిషత్తు నాటకాలు. వీటన్నిటికీ లైటింగ్ కట్టేవాళ్ళు కావాలి. వాళ్ళలో కొందరి దగ్గర అరచేతిలో పట్టే ఒక పెట్టె ఉంటుంది. దానికి ఒక పక్క కంప్యూటర్ నుంచి వచ్చే యూఎస్‌బీ తీగ, రెండో పక్క దీపాలకి వెళ్ళే కేబుల్. ఆ పెట్టె చెడిపోకుండానే పనికిరాకుండా పోతున్నది. పాత విండోస్‌లో నడిచినది కొత్త ల్యాప్‌టాప్‌లో నడవదు. తప్పు ఎవరిది, దారి ఏది అన్న దాని మీద రెండు పక్షాలున్నాయి. ఆ రెండు పక్షాల వాదాన్నీ ఇక్కడ ఇద్దరి నోట వినిపిస్తున్నాను. బాబాయి ఈపురుపాలెంలో లైటింగ్ సామాను అద్దెకిచ్చి, ఆపరేటర్‌గా తనే కూర్చునే మనిషి. అబ్బాయి ఆయన అన్న కొడుకు, హైదరాబాద్‌లో కంప్యూటర్ల భద్రత చూసే ఉద్యోగి.

బాబాయి: ముందు ఒక్క సంగతి చెప్పు. పెట్టె కాలిందా? కాలలేదు. కేబుల్ తెగిందా? తెగలేదు. పాత ల్యాప్‌టాప్‌కి తగిలిస్తే స్టేజీ మీద పార్ లైట్లన్నీ చెప్పినట్టు వింటన్నాయి. అదే పెట్టె కొత్త ల్యాప్‌టాప్‌కి తగిలిస్తే గుర్తు తెలియని పరికరం అంటంది. డబ్బు పెట్టి కొనుక్కున్న నా వస్తువు పనికొస్తదో రాదో ఎక్కడో కూర్చున్నోడు తేల్చడం ఏంది?

అబ్బాయి: నీ బాధ న్యాయమే బాబాయ్. కాని తప్పెవరిదో తేల్చేముందు లోపల ఏం జరుగుతున్నదో చూడాలి. పెట్టెకీ కంప్యూటర్‌కీ మధ్య డ్రైవర్ అని ఒక చిన్న ప్రోగ్రామ్ ఉంటుంది. పాటలు పెట్టే ప్రోగ్రామ్ తప్పు చేస్తే పాట ఆగుతుంది, అంతే. డ్రైవర్ అట్టా కాదు. అది ఆపరేటింగ్ సిస్టమ్ నడిబొడ్డున, కెర్నెల్ అనే చోట నడుస్తుంది. అక్కడ తప్పు జరిగితే మొత్తం కంప్యూటర్ పడిపోతుంది. నీ పెట్టె డ్రైవర్‌ని ఎక్స్‌పీ రోజుల్లో 32 బిట్ల విండోస్ కోసం రాశారు. 2021 అక్టోబర్‌లో వచ్చిన విండోస్ 11లో 32 బిట్ల రకమే లేదు. 64 బిట్ల కెర్నెల్‌లోకి 32 బిట్ల డ్రైవర్ ఎక్కదు. పెట్టె చేసినవాళ్ళే కొత్తది రాసివ్వాలి. వాళ్ళేమో ఎప్పుడో వ్యాపారం మానేశారు.

బాబాయి: వాళ్ళు మానేస్తే నేను మానెయ్యాల్నా? మా గురువు దగ్గర నేను పని నేర్చుకున్నప్పుడు కంప్యూటర్ లేదు. చెక్క డ్రమ్ము ఒకటి ఉండేది. దాని మీద రాగి రేకులు వరసగా కొట్టేవాళ్ళం. మోటారు ఆ డ్రమ్ముని తిప్పుతుంటే రేకులు ఒక్కొక్కటే తీగలకి తగిలి సీరియల్ బల్బులు పరిగెత్తేయి. నెమలి పింఛం విప్పాలన్నా, చక్రం తిరగాలన్నా రేకులు ఏ వరసలో కొట్టామన్నదే లెక్క. రేకు నల్లబడితే గరుకు కాగితం పెట్టి రుద్దుకునేవాళ్ళం. మోటారు పోతే ఇంకో మోటారు. ఆ డ్రమ్ము చేసిన వడ్రంగి చనిపోయినా డ్రమ్ము తిరిగేది. నీ కంప్యూటర్ రోజులొచ్చాకే, చేసినోడు పోతే వస్తువు కూడా పోవడం మొదలైంది.

అబ్బాయి: ఆ రోజుల్లోనే ఉప్పునీటి డిమ్మర్లు కూడా ఉండేయి కదా. కుండలో ఉప్పునీళ్ళు పోసి, లోపల ఒక రేకు, పైనుంచి దించే రేకు ఇంకోటి. రెండూ దగ్గరైతే దీపం పెరుగుతుంది, దూరమైతే తగ్గుతుంది. నాటకం వేసేవాళ్ళు చాలామంది వాటితోనే వెలుగు తగ్గించారు, పెంచారు. రెండు వందల ముప్ఫై ఓల్టుల కరెంటు మూత లేని నీళ్ళలో పారేది. తడిచేత్తో ముట్టుకుంటే ప్రాణం పోయేది. అది కూడా ఎవరైనా బాగుచేసుకోగలిగినదే. అట్టాగని ఇప్పుడు స్టేజీ పక్కన పెట్టనిస్తావా? పాతవాటిలో కొన్ని పోవడం మంచిదే. నేను కొత్త విండోస్ పక్షాన మాట్లాడేది అందుకే.

బాబాయి: ఉప్పునీళ్ళు ప్రమాదమని నేనే ముందు చెప్తా. దాన్ని మేము వదిలేసింది షాక్ కొడుతుందని. మా కళ్ళకి కనపడే ప్రమాదం అది. నా పెట్టె ఎవరిని షాక్ కొట్టింది?

అబ్బాయి: కంటికి కనపడదు కాబట్టే చెప్పడం కష్టం. విండోస్ 95, 98 రోజుల్లో ఏ ప్రోగ్రామైనా నేరుగా వెళ్ళి కంప్యూటర్ వెనక ప్రింటర్ పోర్టుని ముట్టుకోవచ్చు. లైటింగ్ పెట్టెలు కొన్ని ఆ పోర్టుకే తగిలించేవాళ్ళు. మంచి ప్రోగ్రామ్ ముట్టుకోగలిగితే దొంగ ప్రోగ్రామూ ముట్టుకోగలదు. 2001లో ఎక్స్‌పీ వచ్చాక ఆ తలుపు మూశారు, డ్రైవర్ ద్వారానే వెళ్ళాలన్నారు. అప్పుడు దొంగలు డ్రైవర్ వేషంలో రావడం మొదలుపెట్టారు. అందుకని 2007లో అమ్మకానికొచ్చిన విస్టా 64 బిట్ల రకంలో, డిజిటల్ సంతకం లేని డ్రైవర్‌ని కెర్నెల్‌లోకి రానివ్వబోమన్నారు. 2016 నుంచి కొత్త డ్రైవర్లకి మైక్రోసాఫ్ట్ సంతకమే కావాలన్నారు. ఇప్పటి ల్యాప్‌టాప్‌లలో మెమరీ ఇంటిగ్రిటీ అని ఇంకో కాపలా ఉంది, అది పాత పద్ధతిలో రాసిన డ్రైవర్లని ఆపేస్తుంది. ఒక్కో తలుపూ మూయడానికి ఒక్కో దెబ్బ కారణం.

బాబాయి: దెబ్బ ఎవరికి తగిలింది? నాకు తగల్లేదు.

అబ్బాయి: మన పక్కనే తగిలింది. 2017 మేలో వానాక్రై అనే పురుగు ప్రపంచమంతా పాకింది. పాచ్‌లు వేసుకోని విండోస్ కంప్యూటర్లలోకి దూరి, ఫైళ్ళకి తాళం వేసి, తాళం తీయాలంటే డబ్బు కట్టమంది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు దాని బారిన పడ్డాయి. గుంటూరు, కృష్ణా, చిత్తూరు, విశాఖపట్నం, శ్రీకాకుళం జిల్లాల్లో పోలీసు కంప్యూటర్లు దెబ్బతిన్నాయి. ఆ రంధ్రాన్ని పూడ్చే పాచ్ అంతకు రెండు నెలల ముందే వచ్చింది. వేసుకోనివాళ్ళు దెబ్బతిన్నారు. నీ ఎక్స్‌పీకి అట్టాంటి మరమ్మతులు మామూలుగా రావడం 2014 ఏప్రిల్ 8నే ఆగిపోయింది.

బాబాయి: నా ఎక్స్‌పీ ల్యాప్‌టాప్‌కి ఇంటర్నెట్ లేదురా. వైఫై ఆపేసి పెట్టా. దొంగ ఎటునుంచి వస్తాడు?

అబ్బాయి: పెన్‌డ్రైవ్‌లో వస్తాడు. డాన్సు బేబీ డాన్సు పోటీలకి పాటలు ఎట్టా తెస్తారు? పిల్లల తండ్రి ఒకాయన పెన్‌డ్రైవ్ ఇస్తాడు. అది నువ్వు ఏ కంప్యూటర్‌లో పెడతావు?

బాబాయి: పాటలకి వేరే ల్యాప్‌టాప్ పెట్టుకోమంటావు, సరే, పెట్టుకుంటా. ఈ మాట నీది ఒప్పుకున్నా. కాని నువ్వు కాపలాల గురించి అంత గొప్పగా చెప్పావు కదా, ఆ కాపలాదారే వస్తువుని చంపిన సంగతి కూడా చెప్పు. 2014లో ఏం జరిగింది? మా వాళ్ళలో తెలిసినవాళ్ళు ఇంకా చెప్పుకుంటారు.

అబ్బాయి: దాచను. యూఎస్‌బీ నుంచి మామూలు సీరియల్ తీగకి మార్చే చిప్‌లు చేసే స్కాట్లండ్ కంపెనీ ఎఫ్‌టీడీఐ. లైటింగ్ పెట్టెల్లో చాలావాటి లోపల ఉండేది ఆ చిప్పే. దానికి నకిలీలు విపరీతంగా వచ్చాయి. 2014 అక్టోబర్‌లో విండోస్ అప్‌డేట్ ద్వారా వచ్చిన ఆ కంపెనీ కొత్త డ్రైవర్, నకిలీ చిప్ కనపడితే దాని గుర్తింపు సంఖ్యని సున్నా చేసింది. ఆ తర్వాత ఆ పరికరాన్ని ఏ కంప్యూటరూ మామూలుగా గుర్తుపట్టలేదు. గొడవ పెద్దదైతే ఆ డ్రైవర్‌ని వెనక్కి తీసుకున్నారు.

బాబాయి: పెట్టె మూత విప్పి చిప్ అసలుదో నకిలీదో నేను చూసి కొన్నానా? దుకాణంవాడికే తెలియదు. తప్పు చేసినోడు నకిలీ చిప్ పోసినోడు, శిక్ష నాకు.

అబ్బాయి: అక్కడ నేను నీ పక్షమే. అట్టాంటిదే ఇంకోటుంది. తైవాన్ కంపెనీ ప్రొలిఫిక్ పాత చిప్‌లకి కొత్త విండోస్ డ్రైవర్ పని చేయదు. ఈ చిప్‌ని 2012లోనే ఆపేశాం, అమ్మినవాళ్ళని అడగండి అని తెర మీద చూపిస్తుంది. చిప్‌కి చేతకాక కాదు. అదే చిప్‌ని లైనక్స్ ఉన్న కంప్యూటర్‌కి తగిలిస్తే ఇవాళ కూడా పని చేస్తుంది.

బాబాయి: చూశావా, నీ నోటితోనే వచ్చింది. 32 బిట్లు వేరు, 64 బిట్ల కెర్నెల్ వేరు అని ఇందాక నాకు పాఠం చెప్పావు. కొత్త లైనక్సూ 64 బిట్లదే కదా? అందులో ఎట్టా నడిచింది?

అబ్బాయి: మంచి ప్రశ్న. లైనక్స్‌లో ఆ చిప్‌ల డ్రైవర్ల మూలం, అంటే సోర్స్ కోడ్, అందరికీ కనపడేట్టు ఉంటుంది. కెర్నెల్ మారినప్పుడల్లా ఎవరో ఒకరు దాన్ని కూడా సరిచేసి మళ్ళీ కూర్చుతారు. మూలం చేతిలో ఉంటే 32 నుంచి 64కి మారడం కొద్దిపాటి పని. విండోస్‌లో నీ పెట్టె డ్రైవర్ మూలం ఆ పెట్టె చేసినవాళ్ళ దగ్గరే ఉంది. వాళ్ళతోపాటే పోయింది. అయితే లైనక్స్‌ని కూడా కల్పవృక్షం అనుకోవద్దు. 386 ప్రాసెసర్లని అదీ 2012లో వదిలేసింది. చూసుకునే మనిషి లేకపోతే మూలం ఉన్నా ఏదీ నడవదు.

బాబాయి: మనిషి దొరికే అవకాశమైనా ఉంటది కదా. నేను కోరేది అదే. ఇంకో సంగతి చూడు. మా దగ్గర దీపాలకి వెళ్ళే కేబుల్‌లో పారేది డీఎంఎక్స్. ఇరవై ఏళ్ళ కిందటి డిమ్మర్ ర్యాకూ, నిన్న కొన్న చైనా ఎల్‌ఈడీ పార్‌లూ, షార్పీలూ ఒకే తీగ మీద గొలుసుకట్టుగా కూర్చుని ఒకే మాట వింటాయి. వాటిమధ్య ఎప్పుడూ పేచీ రాలేదు. పేచీ అంతా నీ కంప్యూటర్‌కీ నా పెట్టెకీ మధ్యనే ఎందుకొచ్చింది?

అబ్బాయి: అసలు కీలకం అక్కడే ఉంది బాబాయ్. డీఎంఎక్స్512ని 1986లో అమెరికా రంగస్థల సాంకేతిక సంస్థ యూఎస్‌ఐటీటీ తయారు చేసింది. అప్పటిదాకా ఒక్కో కంపెనీ డిమ్మర్‌కి ఒక్కో పద్ధతి. ఒకరి కంట్రోలర్ ఇంకొకరి డిమ్మర్‌తో పని చేయదు. ఒక తీగ మీద 512 ఛానెళ్ళు, ఒక్కో ఛానెల్‌కి 0 నుంచి 255 దాకా ఒక అంకె, సెకనుకి రెండున్నర లక్షల బిట్ల వేగం. 512 ఛానెళ్ళూ నిండుగా పంపినా సెకనుకి దాదాపు 44 సార్లు మొత్తం జాబితా తిరుగుతుంది. ఇంతే ఒప్పందం. దాన్ని అచ్చువేసి అందరి ముందూ పెట్టారు. 2004లో అది అమెరికా జాతీయ ప్రమాణం కూడా అయింది. ఎవరి అనుమతీ అక్కర్లేదు కాబట్టి చైనాలో చేసినవాడూ, ఇటలీలో చేసినవాడూ దాన్నే పాటించారు. నీ ర్యాక్ చేసినవాళ్ళు ఇవాళ లేకపోయినా అది నడుస్తున్నది అందుకే.

బాబాయి: మరి పెట్టె?

అబ్బాయి: పెట్టె దీపాల వైపు ఆ బహిరంగ ఒప్పందం పాటించింది. కంప్యూటర్ వైపు మాత్రం తన సొంత రహస్యం పెట్టుకుంది. బతికింది ఏదో, చచ్చింది ఏదో చూడు. పైగా పెట్టెల్లో రెండు రకాలున్నాయి. చవక రకంలో సొంత బుర్ర ఉండదు. సెకనుకి నలభై సార్లు పంపే లెక్కంతా కంప్యూటరే చూసుకోవాలి. విండోస్ వేరే పనిలో పడి ఒక్క క్షణం ఆలస్యం చేస్తే స్టేజీ మీద దీపం తడబడుతుంది. రెండో రకంలో చిన్న ప్రాసెసర్ ఉంటుంది. కంప్యూటర్ అంకెలు ఇచ్చి ఊరుకుంటుంది, లెక్కగా పంపే పని పెట్టెదే. ఆపరేటింగ్ సిస్టమ్ మారినప్పుడు మొదట ఇబ్బందిపడేది చవక రకమే.

బాబాయి: ఈపురుపాలెంలో పుట్టి నాకు ఈ మాటలు చెబుతున్నావు కాబట్టి మగ్గం దాకా రా. జాకార్డ్ మిషన్ ఫ్రాన్స్‌లో 1804లో పుట్టిందంటారు. ఇక్కడ మగ్గాల మీద కుప్పడం చీరల అంచుకి అదే వాడుతున్నారు. అట్టలో రంధ్రం ఉంటే కొక్కెం పడుగు దారాన్ని లేపుద్ది, లేకపోతే లేపదు. డిజైన్ అంతా అట్టల మీద రంధ్రాలే. నలభై ఏళ్ళ కిందటి అట్టల కట్ట అటక మీద దొరికితే, కొక్కేల లెక్క సరిపోయే మిషన్‌కి ఎక్కించి ఇవాళ నెయ్యొచ్చు. ఒక అట్ట చిరిగితే పక్కనోడు చూసి ఇంకోటి కొట్టిస్తాడు. నా డ్రమ్ము మీద రాగి రేకులూ అట్టాంటివే. నీ కంప్యూటర్ ఫైలు అట్టా చూసి చదవగలమా?

అబ్బాయి: అట్టల కట్ట బరువు నువ్వూ మోశావు, నేనూ మోశాను. పెద్ద డిజైన్‌కి వందల అట్టలు కొట్టించాలి. అంచులో ఒక పువ్వు మార్చాలంటే మళ్ళీ కొట్టించాలి. కంప్యూటర్‌లో ఆ మార్పు ఒక పూటలో అయిపోతుంది. నేతగాడి శ్రమ తగ్గింది, కొత్త డిజైన్లు పెరిగాయి. దీన్ని కాదంటావా?

బాబాయి: కాదనను. శ్రమ తగ్గడం మంచిదే. నేనడిగేది వేరు. పువ్వు మార్చడం సులువైంది, పువ్వుని దాచుకోవడం కష్టమైంది. నా బాధ పెట్టె గురించే అనుకుంటన్నావు. పెట్టె మూడో వంతు. రెండు వంతుల బాధ దాని ప్రోగ్రామ్‌లో ఉండిపోయిన నా పని గురించి. ఒక పరిషత్తు నాటకానికి వెలుగు కూర్చోబెట్టాలంటే ఎంత పని ఉంటదో నీకు తెలుసు. ఈ సంభాషణ దగ్గర నీలం తగ్గాలి, తల్లి పాత్ర గుమ్మం దాటేటప్పుడు వెనక వెలుగు పెరగాలి, చివర్న ఒక్క ముఖం మీదే ఉండాలి. ఆ క్యూలన్నీ ఆ ప్రోగ్రామ్ ఫైల్లో ఉన్నాయి. పెట్టె లేకపోతే ఆ ప్రోగ్రామే తెరుచుకోదు. ఆ ఫైల్ని ఇంకో ప్రోగ్రామ్ చదవదు. వేటపాలెం ఇక్కడికి ఎంత దూరం? 1918లో పెట్టిన సారస్వత నికేతనం గ్రంథాలయంలో వందేళ్ళ కిందటి పత్రికలు ఇవాళ తీసి చదువుకోవచ్చు. ఆ పాత ల్యాప్‌టాప్ పోతే, నేను పదిహేనేళ్ళ కిందట చేసిన పని నేనే తెరవలేను. ఇది అభివృద్ధా?

అబ్బాయి: దీనికి నా దగ్గర ఎదురు సమాధానం లేదు బాబాయ్. భద్రత పేరుతో డ్రైవర్‌ని ఆపడం నేను సమర్థిస్తాను. మనిషి చేసిన పనిని వేరే ఎవరూ చదవలేని ఫైల్లో బిగించడానికి మాత్రం ఏ భద్రతా కారణమూ లేదు. అది వ్యాపారం కోసం కట్టిన గోడ.

బాబాయి: బాపట్లలో పుట్టిన స్థానం నరసింహారావు గారు తెనాలి రామవిలాస సభలో ఆడవేషాలు కట్టినప్పుడు ఆయన మీద ఎట్టాంటి వెలుగు పడిందో మనకి ఎవరూ రాసిపెట్టలేదు. కలకత్తాలో తాపస్ సేన్ 1959లో అంగార్ నాటకానికి బొగ్గుగనిలోకి నీళ్ళు ముంచుకొచ్చే దృశ్యాన్ని కేవలం వెలుగుతో చూపించాడని నాటకాలోళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. చూసినోళ్ళు చెప్పబట్టి తెలిసింది. వెలుగు పని అసలే నిలవనిది. నాటకం అయిపోతే అదీ అయిపోద్ది. మిగిలే ఒక్క క్యూ పట్టీని కూడా తాళం వేసి పట్టుకుపోతే ఎట్టా?

అబ్బాయి: అందుకే ఆ పట్టీని కాగితం మీద పెట్టమంటాను. ఏ మాట దగ్గర, ఏ దీపం, ఎంత శాతం, ఎన్ని సెకన్లలో. ఇది ఏ కంపెనీ చేతిలోనూ ఉండదు. పెద్ద నాటక సంస్థలు ఇప్పటికీ కంప్యూటర్‌తోపాటు కాగితం పట్టీ ఉంచుకుంటాయి.

బాబాయి: అది నేను రేపటినుంచి చేస్తా. మరి పెట్టె సంగతి? కొత్తది కొనమంటావు, అంతేనా?

అబ్బాయి: వెంటనే కొనొద్దు. ముందు ఉన్నదాన్ని బతికించే దారులు చూద్దాం. ఒకటి, పాత ల్యాప్‌టాప్‌ని లైటింగ్‌కి తప్ప దేనికీ వాడకు. నెట్ లేదు, పాటలు లేవు, తెలియని పెన్‌డ్రైవ్ లేదు. దాని హార్డ్‌డిస్క్‌కి యథాతథంగా నకలు తీసి ఇంకో డిస్క్‌లో దాచిపెట్టు. పాత డిస్క్ తిరునాళ్ళ రాత్రే పోవాలని రాసి ఉంటే నకలు కాపాడుతుంది.

బాబాయి: అది నేను చేస్తన్నదే, నకలు తప్ప.

అబ్బాయి: రెండు, కొత్త ల్యాప్‌టాప్‌లో పెన్‌డ్రైవ్ మీదనుంచే లైనక్స్ నడిపి చూడొచ్చు. విండోస్‌ని కదిలించక్కర్లేదు. నీ పెట్టెలో ఉన్నది ఎఫ్‌టీడీఐ లాంటి తెలిసిన చిప్ అయితే లైనక్స్ దాన్ని గుర్తుపట్టే అవకాశం బాగా ఉంది. క్యూఎల్‌సీ ప్లస్ అని మూలం బహిరంగంగా ఉన్న ఉచిత లైటింగ్ ప్రోగ్రామ్ ఉంది. విండోస్, మ్యాక్, లైనక్స్ మూడింటిమీదా, అరచేతిలో పట్టే రాస్ప్‌బెర్రీ పై మీద కూడా నడుస్తుంది. దాని ఫైల్‌ని మామూలు రాతగా తెరిచి చదవొచ్చు. మూడు, కొత్త విండోస్ లోపలే పాత విండోస్‌ని వర్చువల్ మిషన్‌గా నడిపి, పెట్టెని దానికి అప్పగించడం. పాత క్యూలు తెరిచి కాగితం మీదకి ఎత్తుకోవడానికి ఇది చాలు. చవక రకం పెట్టెతో నాటకం నడపడానికి మాత్రం నమ్మొద్దు, లెక్క తప్పి దీపాలు తడబడతాయి.

బాబాయి: చిప్ తెలిసినదైనా, పెట్టెవాడు సొంత రహస్యం పెట్టి ఉంటే?

అబ్బాయి: అప్పుడు లైనక్స్ కూడా చేతులెత్తేస్తుంది. ఆ పెట్టె పాత ల్యాప్‌టాప్‌తోనే సహజీవనం చేయాలి. అందుకే నాలుగో దారి, మళ్ళీ కొనేటప్పుడు యూఎస్‌బీ డ్రైవర్ అవసరమే లేనిది కొనడం. నెట్‌వర్క్ తీగ మీద డీఎంఎక్స్ పంపే పెట్టెలున్నాయి. ఆర్ట్‌నెట్ అనే పద్ధతిని 1998లో ఒక ఇంగ్లండ్ కంపెనీ బహిరంగంగా విడుదల చేసింది. 2009లో ఈ1.31 అనే ప్రమాణం కూడా వచ్చింది. నెట్‌వర్క్‌ని నడిపే పని ప్రతి ఆపరేటింగ్ సిస్టమూ తనంతట తనే చేసుకుంటుంది. పెట్టె చేసినవాడి డ్రైవర్ మధ్యలోకి రాదు. రేపు విండోస్ ఏదొచ్చినా నెట్‌వర్క్ లేకుండా రాదు కదా. కొత్త ల్యాప్‌టాప్‌లకి నెట్‌వర్క్ తీగ పెట్టే చోటు ఉండటం లేదు, దానికొక చిన్న అడాప్టర్ కావాలి, అంతే.

బాబాయి: కంప్యూటరే లేని కంట్రోలర్ కొంటే గొడవే లేదంటారు మావాళ్ళు.

అబ్బాయి: చిన్న పందిరికి అదే మేలు. బటన్లు, ఫేడర్లు చేతికింద ఉంటాయి, పదేళ్ళు తడుముకోకుండా నడుస్తుంది. కాని అందులోనూ ఒక చిన్న కంప్యూటరే ఉంది. దాని క్యూల ఫైలు ఇంకో కంపెనీ కంట్రోలర్ చదవదు. కాగితం పట్టీ అక్కడా తప్పదు. బల్బులతో దేవుడి బొమ్మలు కదిలించే పిక్సెల్ బోర్డులదీ ఇదే కథ. కార్డులో ఉన్న బొమ్మ ఆడుతుంది, దాన్ని తయారుచేసే ప్రోగ్రామ్ కొత్త కంప్యూటర్‌లో ఎక్కకపోతే ఆ బొమ్మని మార్చలేం.

బాబాయి: నువ్వు చెప్పిన దారులన్నీ నేను పడాల్సిన పాట్లే. చేసినోళ్ళకి ఏ బాధ్యతా లేదా? నా వాదం ఇదీ. ఒక కంపెనీ తన వస్తువుకి ఇక మద్దతు ఇవ్వను అని ప్రకటించిన రోజున, ఆ వస్తువు కంప్యూటర్‌తో ఎట్టా మాట్లాడుద్దో అచ్చువేసి అందరికీ ఇచ్చెయ్యాలి. చట్టంలో ఉండాలి ఆ మాట. ఎట్టాగూ దాంతో వాడికి వ్యాపారం లేదు. ఇస్తే పోయేది ఏంది?

అబ్బాయి: పదిమంది పనిచేసే చిన్న కంపెనీ ఇరవై ఏళ్ళపాటు డ్రైవర్లు రాస్తూ కూర్చోలేదని నేను వాదిద్దామనుకున్నాను. నువ్వడిగేది రాయమని కాదు, రాయగలిగేవాళ్ళకి దారి వదలమని. అది అన్యాయమైన కోరిక కాదు. మన దేశంలో కూడా అటువైపు కదలిక ఉంది. మరమ్మతు హక్కు మీద కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జులైలో ఒక కమిటీ వేసింది. ఆ ఏడాది డిసెంబర్ 24న, జాతీయ వినియోగదారుల దినోత్సవం నాడు, ఒక పోర్టల్ తెరిచింది. వ్యవసాయ పరికరాలు, మొబైళ్ళు, ఇంటి ఎలక్ట్రానిక్ వస్తువులు, వాహనాలు ఈ నాలుగింటిమీద ముందు దృష్టి పెట్టారు. ఈ జాబితా పెరగాలి. విడిభాగాలూ మాన్యువలూ ఇస్తే సరిపోదు, సాఫ్ట్‌వేర్ మాట కూడా అందులో చేరాలి.

బాబాయి: ఇది లైటింగోళ్ళ గొడవే కదా అని ఊరుకోవడానికి లేదు. వీధి దీపాలు మాత్రం?

అబ్బాయి: అదీ నిజమే. హుద్‌హుద్ తుఫాను తర్వాత 2015లో విశాఖ వీధి దీపాలు ఎల్‌ఈడీలయ్యాయి, ఆ తర్వాత పంచాయతీల దాకా వచ్చాయి. వెలిగించి ఆర్పే పని సాఫ్ట్‌వేర్ ఉన్న పెట్టెల చేతికి వెళ్తున్నది. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రంలో మినచాగ్ అనే హైస్కూలుంది. 2012లో కట్టిన ఆ బడిలో కరెంటు ఆదా కోసం దీపాలన్నీ కంప్యూటర్ చేతిలో పెట్టారు. 2021 ఆగస్టులో ఆ సాఫ్ట్‌వేర్ చెడింది. దాదాపు 7,000 దీపాలు రాత్రీ పగలూ వెలుగుతూనే ఉన్నాయి. ఆ వ్యవస్థ పెట్టిన కంపెనీ అప్పటికి చేతులు మారింది. ఆర్పగలగడానికి ఏడాదిన్నర దాకా పట్టింది. ఆదా కోసం పెట్టినదే వృథా చేసింది.

బాబాయి: ఒక గోడ స్విచ్ ఉంటే సరిపోయేది.

అబ్బాయి: అవును. సాఫ్ట్‌వేర్ పోయినా చేత్తో నడిపే దారి ఒకటి ఉండాలి. ఇది నేను కంప్యూటర్ మనిషిగానే చెబుతున్నాను. ఇంకో మాట. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి కూడా మామూలు మద్దతు అయిపోయింది. 2018కి ముందు కొన్న కంప్యూటర్లలో చాలావాటిని విండోస్ 11 అధికారికంగా ఒప్పుకోదు. నీ పెట్టెకి వచ్చిన కష్టం ఇప్పుడు ఆఫీసుల్లో, బళ్ళలో మొత్తం కంప్యూటర్లకే వచ్చింది. మద్దతు అయిపోయిన రోజున పారేసే అలవాటు మనకి తగదు, పారేసినదానికి చోటూ లేదు. అయినా నా పట్టు ఒకటి విడవను. నెట్‌కి తగిలించే కంప్యూటర్‌లో పాత విండోస్ ఉంచకూడదు. దీని మీద రాజీ లేదు.

బాబాయి: సరే, నా పట్టూ ఒకటి విడవను. పని చేసే వస్తువుని పారెయ్యమని నాకు ఎవరూ చెప్పకూడదు. దాన్ని నడిపే దారి మూసినోడే మళ్ళీ తెరవాలి.

ఈ ఇద్దరి పట్టూ సమంజసమేనని నా నమ్మకం. అబ్బాయి కోరే భద్రతకీ బాబాయి కోరే మన్నికకీ నిజానికి శత్రుత్వం లేదు. రెండింటినీ దెబ్బతీసేది ఒకటే, పెట్టెకీ కంప్యూటర్‌కీ మధ్య దాచిపెట్టిన రహస్యం. 1986లో అందరి ముందూ పెట్టిన డీఎంఎక్స్ ఇప్పటికీ దీపాలు వెలిగిస్తున్నది. ఒక్క కంపెనీ బీరువాలో దాచుకున్న డ్రైవర్ ఆ కంపెనీతోపాటే పోయింది. ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

అందుకని పందిరి కమిటీలకీ, నాటక పరిషత్తులకీ, బళ్ళకీ, పంచాయతీలకీ, అద్దె సామాను పెట్టుకుని బతికే ప్రతి లైటింగ్ మనిషికీ నా విన్నపం ఒకటి. వెలుగుని నడిపే ఏ పెట్టె కొన్నా డబ్బిచ్చేముందు మూడు సంగతులు అడగండి. ఇది కంప్యూటర్‌తో మాట్లాడే పద్ధతి అచ్చులో బహిరంగంగా ఉందా? నేను చేసిన పనిని ఇందులోనుంచి బయటికి తీసి వేరేచోట పెట్టుకోగలనా? కంప్యూటర్ పోతే చేత్తో నడపగలనా? మూడింటికీ అవునన్న జవాబు రాని వస్తువు ఎంత చవకైనా కొనకండి. అడిగేవాళ్ళు పెరిగితేనే చేసేవాళ్ళు మారతారు.